వయ్యారిభామను పీకండి, సహదేవిని వదిలేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా దేశమంతటా పార్థీనియం (మన వయ్యారిభామ కలుపు) అవగాహన వారం జరుగుతుంది. ఆ వారంలో మన తిరుపతి, చిత్తూరు జిల్లా పేజీల్లో ఒకేరకం ఫొటో పడుతుంది. పిల్లలూ పెద్దలూ పీకిన మొక్కల కట్టలు చేతబట్టి వరసగా నిలబడి ఉంటారు. కింద ‘వయ్యారిభామ నిర్మూలన’ అని ఉంటుంది. ఆ ఫొటోను ఫోనులో కాస్త పెద్దది చేసి చూడండి. కట్టలో వయ్యారిభామ ఉంటుంది, అందులో సందేహం లేదు. దాని పక్కనే సన్నటి బూడిదరంగు కాడల చివర ఊదారంగు బొట్లు పెట్టినట్టు పూలున్న మొక్క కూడా చాలాసార్లు వేలాడుతూ కనబడుతుంది. అది సహదేవి. గరిటకమ్మ అన్నా అదే. రెండూ ఒకే కుటుంబానివే, చామంతి, పొద్దుతిరుగుడు ఉన్న ఆస్టరేసి కుటుంబానివి. కాకపోతే ఒకటి అమెరికా ఖండం నుంచి వచ్చి పడింది, రెండోది ఈ నేలదే.

ఊరి మధ్య ఖాళీ ప్లాట్లలో ఈ పొరపాటు జరిగితే పెద్దగా పోయేదేమీ లేదు. అలిపిరి, కపిలతీర్థం, శ్రీవారి మెట్టు, కల్యాణి డ్యాం, మామండూరు వైపు కొండ అంచుల్లో జరిగితే మాత్రం నష్టమే. కారణం చిన్నది. వయ్యారిభామ విత్తనానికి కావలసింది కదిలిన ఖాళీ నేల, దాని మీద వెలుతురు. పక్కన ఉన్న సహదేవిని, నేలకు అతుక్కుని పెరిగే ఎద్దునాలుక మొక్కను కూడా పెరికేస్తే సరిగ్గా అలాంటి నేలనే మన చేతులతో తయారు చేసి ఇచ్చినట్టు. మొదటి వానకు అక్కడ మళ్లీ మొలిచేది వయ్యారిభామే, ఈసారి పోటీ కూడా లేకుండా. కాబట్టి కార్యక్రమాలు మానుకోమని కాదు మేము రాసేది, చూసి పీకమని.

ముందు సహదేవిని చేతిలోకి తీసుకుందాం. మొక్క జానెడు నుంచి మోకాలి ఎత్తు దాకా, మంచి నేలలో ఇంకాస్త పొడుగు. కాడ నిటారుగా, సన్నటి గాడులతో, బూడిద చల్లినట్టు ఉంటుంది. ఆ బూడిదను భూతద్దంలో చూస్తే ఇంగ్లిషు ‘టీ’ అక్షరం ఆకారంలో ఉన్న నూగు కనబడుతుంది. పొట్టి కాడ మీద అడ్డంగా ఒక పుల్ల పెట్టినట్టుంటుంది ఒక్కో వెంట్రుక. ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి, ఎదురెదురుగా రావు. అడుగు ఆకులు వెడల్పుగా, తొడిమతో ఉంటాయి. పైకి పోయేకొద్దీ ఇరుకవుతాయి. అంచున పలచటి గాట్లే తప్ప ఆకు ఎక్కడా చీలదు.

పూలగుత్తి చిటికెన వేలి గోరు కంటే చిన్నది. మనం ‘పువ్వు’ అనేది నిజానికి ఒక గుంపు. పాఠ్యపుస్తకంలో దీన్ని శీర్షవత్ పుష్పవిన్యాసం అంటారు. గుండుసూదితో విడదీస్తే సుమారు ఇరవై చిన్న పుష్పకాలు బయటికి వస్తాయి. అన్నీ గొట్టాలే. బంతికీ పొద్దుతిరుగుడుకీ చుట్టూ ఉండే రేకుల్లాంటి కిరణ పుష్పకాలు దీనికి ఒక్కటి కూడా ఉండవు. ప్రతి పుష్పకంలోనూ కేసరాలూ ఉంటాయి, అండాశయమూ ఉంటుంది, అంటే ఇరవైకి ఇరవై గింజ కట్టగలవు. గుత్తికి బయట నాలుగైదు మిల్లీమీటర్ల గిన్నెలా కనబడేవి పుచ్ఛాలు, ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొన్ని వరసల్లో ఉంటాయి, కొసలు సూది మొనలా ఉంటాయి. గింజ ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు, నూగుతో, గీతలు లేకుండా గుండ్రంగా ఉంటుంది. దాని నెత్తిన తెల్లటి కేశగుచ్ఛం రెండు వరసలుగా ఉంటుంది. లోపలి వరస పొడుగు, బయటి వరస మాత్రం కంటికి ఆననంత పొట్టి. పండిన గుత్తి విచ్చుకుంటే చిన్న దూదిపింజలా ఉంటుంది, గాలి తగిలితే లేచిపోతుంది.

ఇప్పుడు వయ్యారిభామ. క్యారెట్ గడ్డి అని ఊరికే అనలేదు, దాని ఆకు క్యారెట్ ఆకులాగే లోతుగా చీలి, ఆ చీలికలు మళ్లీ చీలి ఉంటుంది. పూలగుత్తి తెలుపు, అడ్డం అయిదు మిల్లీమీటర్ల లోపే. చుట్టూ సరిగ్గా అయిదు పొట్టి కిరణ పుష్పకాలు, అందుకే పైనుంచి చూస్తే అయిదు మూలలున్నట్టు కనబడుతుంది. గింజ కట్టేవి ఆ అయిదే. మధ్యలో నలభై దాకా ఉండే చక్ర పుష్పకాలు పుప్పొడికే పరిమితం. గుత్తికి అయిదే గింజలు కదా అని తేలిగ్గా తీసుకోకూడదు, గుత్తుల సంఖ్యే వేలల్లో ఉంటుంది. బాగా పెరిగిన ఒక్క మొక్క పదిహేను వేలకు పైగా విత్తనాలు రాల్చగలదు. 1950ల మధ్యలో పుణేలో మొదట గుర్తించిన ఈ మొక్క దేశమంతా పాకింది అలాగే.

పూత మీద ఉన్నప్పుడు ఈ రెంటినీ పోల్చుకోవడం స్కూలు పిల్లలకు కూడా వచ్చే పనే. తప్పు జరిగేది అప్పుడు కాదు. వయ్యారిభామ మొలిచిన మొదటి రోజుల్లో రెండు బీజదళాల తర్వాత వచ్చే ఒకటి రెండు ఆకులు పెద్దగా చీలి ఉండవు, సాదాగా, పలచటి గాట్లతో ఉంటాయి. ఆ వయసులో సహదేవి, దానిలాగే ఊదా ఛాయ పూలుండే ఎమిలియా, వయ్యారిభామ మొలకలు మూడూ ఇంచుమించు ఒకేలా కనబడతాయి. ‘చిన్నప్పుడే పీకేయాలి’ అన్న సలహాను అతిగా పాటించి బొటనవేలంత మొలకలను చాపలా చెక్కేస్తే పోయేవాటిలో మనవి ఎన్నో చెప్పలేం. మూడో నాలుగో ఆకు వచ్చేదాకా ఆగాలి. ఆ ఆకు చీలితే వయ్యారిభామ, చీలకపోతే చెయ్యి పెట్టొద్దు. మొలిచిన నాలుగు నుంచి ఆరు వారాల్లో అది పూతకు వస్తుంది కాబట్టి ఆగినా మనకు దొరికే గడువు పది పదిహేను రోజులు. ఆ పది పదిహేను రోజులే పీకడానికి సరైన అదను.

ఊదారంగు పూలున్నదల్లా సహదేవి కాదు, ఈ మాట కూడా చెప్పాలి. ఎమిలియా పూలూ ఊదా గులాబీ రంగే. కాకపోతే దాని గుత్తి నున్నటి చిన్న కూజాలా ఉంటుంది, పుచ్ఛాలు ఒకే వరసలో సమానంగా ఉంటాయి. పై ఆకులు కాడను చెవుల్లా పట్టుకుని ఉంటాయి. జ్వరానికని సహదేవి కోసుకొచ్చేవాళ్లు ఈ తేడా తప్పకుండా చూసుకోవాలి, ఎమిలియాలో కాలేయానికి హాని చేసే పైరొలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉన్నాయి. అజిరేటం అయితే ఆకులు ఎదురెదురుగా వస్తాయి, గింజ మీద దూది ఉండదు, అయిదు పొలుసులు ఉంటాయి. అదీ అమెరికా నుంచి వచ్చిందే. దెబ్బ తగిలితే ఆకు నలిపి పూసే గడ్డి చామంతి కూడా అక్కడిదే. ‘మన అడవి పూలు’ అనే శీర్షిక కింద గడ్డి చామంతి ఫొటో వేయడం పత్రికలకు పాత అలవాటు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, కాదనం, మన అడవిది మాత్రం కాదు.

అసలు అడవి నేల మీది ఆస్టరేసి మొక్కను చూడాలంటే చెట్ల నీడలోకి వెళ్లి కిందికి చూడాలి. ఎద్దునాలుక అక్కడుంటుంది. కొందరు ఏనుగబీర అంటారు. గరుకుగా, నిజంగా ఎద్దు నాలుకలాగే ఉండే ఆకులు నేలకు అతుక్కుని చక్రంలా పరుచుకుని ఉంటాయి. కాలిబాట మీద తొక్కినా, పశువులు మేసినా దానికి పట్టదు, మేతకు అందేంత ఎత్తులో ఏమీ ఉండదు. మధ్యలోంచి గట్టి కాడ ఒకటి లేచి కొమ్మలు వేస్తుంది. కొమ్మ చివర హృదయాకారంలో మూడు ఆకుపచ్చ పుచ్ఛాలు దొన్నెలా నిలబడతాయి. ఆ దొన్నెలో చాలా చిన్న గుత్తులు కిక్కిరిసి ఉంటాయి. ఒక్కో గుత్తిలో పుష్పకాలు నాలుగే. ప్రతి పుష్పకం ఒక పక్క లోతుగా చీలి, తమ్మెలన్నీ రెండో పక్కకు విసనకర్రలా విచ్చుకుంటాయి. నాలుగు విసనకర్రలు వీపులు కలిపి నిలబడేసరికి చూసేవాళ్లకు అదంతా ఒక్క పువ్వులా అనిపిస్తుంది. గింజ మీద దూది ఉండదు, గట్టి ముళ్లలాంటి వెంట్రుకలు సాధారణంగా అయిదు ఉంటాయి. అది గాలికి ఎగిరే రకం కాదు, పంచెకో చీర అంచుకో గొర్రె బొచ్చుకో పట్టుకుని పోయే రకం.

శేషాచలం లాంటి ఎండు ఆకురాల్చే అడవిలో ఈ బతుకుతీరుకు విలువ ఉంది. ఎర్రచందనం, దాని తోటి చెట్లు ఆకు రాల్చాక ఫిబ్రవరి నుంచి మే దాకా నేల మీద ఎండుటాకు పేరుకుంటుంది, నిప్పు పడితే కింది మొక్కలన్నీ మాడిపోతాయి. ఎద్దునాలుకకు ప్రాణం నేల లోపలి పొట్టి దుంపలాంటి కాండంలో ఉంటుంది. పైనున్నది కాలినా వానకు మళ్లీ చిగురిస్తుంది. సహదేవిది వేరే దారి. అది ఏడాది మొక్క, తేమ దొరికితే రెండో ఏడూ లాగుతుంది. మొక్క కాలిపోతే పోతుంది, గింజ అప్పటికే ఎగిరిపోయి ఉంటుంది. కొమ్మ విరిగి వెలుతురు పడిన చోట, బాట అంచున, బండల సందున ముందుగా వచ్చి చేరేది ఇదే. దట్టమైన నీడలో పలచబడుతుంది. కొండవాలు మీద మన్ను జానెడు మందం కూడా లేనిచోట, కింద క్వార్ట్జైట్ రాయి తేలి ఉన్నచోట, ఆ కాస్త మన్ను జారిపోకుండా పట్టుకునే పని ఇలాంటి చిన్న వేర్లదే. పొట్టి గొట్టాల పూలు కాబట్టి పొట్టి నాలుకలున్న చిన్న తేనెటీగలకు, గడ్డి మీద తిరిగే చిన్న నీలి సీతాకోకలకు తేనె అందుతుంది. పెద్ద చెట్లు పూయని నెలల్లో ఈ ‘పిచ్చిమొక్క’లే వాటికి ఆధారం.

ఇక పేరు సంగతి. మొక్కల మీద వచ్చే వ్యాసాల్లో సహదేవికి ఒకసారి వెర్నోనియా సినీరియా అని, ఇంకోసారి సయాంథిలియం సినీరియం అని పడుతోంది. ఒక్కోసారి ఒకే వ్యాసంలో రెండూ రెండు వేరే మొక్కలైనట్టు వస్తున్నాయి. రెండూ ఒకటే. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీన్ని కొనైజా సినీరియా అన్నాడు. 1829లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త లెస్సింగ్ వెర్నోనియా అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు)లోకి మార్చాడు. మదరాసు ప్రెసిడెన్సీ కాలం నాటి వృక్షశాస్త్ర గ్రంథాల్లోనూ, మన కాలేజీల్లో ఎండు మొక్కలు అతికించి దాచే హెర్బేరియం అట్టల మీదా ఉండే పేరు అదే. 1990లో అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ శాస్త్రవేత్త హెరాల్డ్ రాబిన్సన్ సయాంథిలియంలో పెట్టాడు. ఇప్పుడు అంగీకరిస్తున్న పేరు ఇది. మూడు పేర్లలోనూ మారనిది రెండో మాట, సినీరియా లేదా సినీరియం, అంటే బూడిదరంగుది. సయాంథిలియం అంటే చిన్న నీలిపువ్వు.

మార్చకపోతే ఏం పోయేది అని అడగవచ్చు. వెర్నోనియా అప్పటికే వెయ్యి జాతుల గోడౌను అయిపోయింది. ఊదారంగు గొట్టాల పూలు, కిరణ పుష్పకాలు లేకపోవడం, ఒకటి విడిచి ఒకటి ఆకులు, ఈ గుర్తులున్న ప్రతిదాన్నీ అందులో పడేశారు. ఆ పేరు మొదట పెట్టింది అమెరికా మొక్కకు. పదిహేడో శతాబ్దం చివర మేరీలాండ్‌లో మొక్కలు సేకరించిన విలియం వెర్నన్ అనే ఆంగ్లేయుడి పేరు అది. ఆ అమెరికా వెర్నోనియాల క్రోమోజోముల మూలసంఖ్య 17. మన సహదేవిది 9, కణంలో మొత్తం 18. గింజ మీది గీతలు వేరు, నూగు తీరు వేరు. పుప్పొడి రేణువు పైనున్న గట్ల అమరికా వేరే. ఇన్ని తేడాలున్నవి ఒకే ప్రజాతిలో ఉంటే ఆ పేరుకు అర్థం ఏముంటుంది? ఎద్దునాలుక పేరు మాత్రం 1753లో లిన్నేయస్ పెట్టిన ఎలిఫెంటోపస్ స్కేబర్‌గానే ఇప్పటికీ ఉంది. పై స్థాయిలో మాత్రం సహదేవి, ఎద్దునాలుక రెండూ వెర్నోనియే అనే ఒకే తెగలో ఉంటాయి, పూల ఊదారంగు ఆ చుట్టరికానికి సరిపోతుంది. వయ్యారిభామ పొద్దుతిరుగుడుతో కలిసి వేరే తెగలో పడుతుంది.

ఇది మన మొక్కకే వచ్చిన తిప్పలు కాదు. అమెరికా అడవుల నీడలో పూసే నీలి ఆస్టరు లిన్నేయస్ కాలం నుంచి ఆస్టర్ కార్డిఫోలియస్. 1990లలో గై నెసమ్ అనే వృక్షశాస్త్రవేత్త అక్కడి ఆస్టర్లన్నీ విడదీశాక అది సింఫియోట్రైకమ్ కార్డిఫోలియం అయింది. దాని పక్కన పూసే తెల్ల ఆస్టరు యూరీబియాలోకి వెళ్లింది. అసలు ఆస్టర్ అన్న పేరు ఆ ఖండపు సొంత మొక్కల్లో ఆల్ప్స్ ఆస్టరు ఒక్కదానికే మిగిలింది. ఒక్కోసారి వెళ్లిన పేరు తిరిగి వస్తుంది కూడా. కుప్పం, మదనపల్లె వైపు రైతులు పండించే చామంతిని కొన్నేళ్లు క్రిసాంథిమమ్ కాదు, డెండ్రాంథిమా అన్నారు. 1999లో అంతర్జాతీయ నామకరణ నియమాల్లో సవరణ చేసి పాత పేరే ఇచ్చేశారు. పాత నర్సరీ అట్టల మీద డెండ్రాంథిమా ఇప్పటికీ కనబడితే కారణం ఇదే. కాబట్టి పత్రికలో వెర్నోనియా అని వేస్తే తప్పేమీ కాదు, అది పాత పేరు అంతే. రెండూ పక్కపక్కన ఒక్కసారి వేసి, తర్వాత కొత్తదే వాడితే చదివేవాళ్లు తికమక పడరు. సహదేవి అన్న తెలుగు పేరును మాత్రం ఎప్పుడూ వదలొద్దు. అయితే సంస్కృత వైద్య నిఘంటువుల్లో సహదేవ అన్న మాట మహాబల అనే సైడా మొక్కకు కూడా ఉంది. అది పసుపు పూల మొక్క, మందార కుటుంబానిది. ఆయుర్వేద శీర్షికల్లో ఈ రెంటినీ కలిపేయడం తరచూ జరుగుతోంది.

ఈ పేర్ల గందరగోళం అంగడి దాకా వస్తుంది. పాత వెర్నోనియాలోంచే విడిపోయిన మరో మొక్క అడవి జీలకర్ర. ఇప్పటి పేరు బ్యాకరాయిడిస్ ఆంథెల్మింటికా. మూలికల కొట్లో దీన్ని నల్ల జీలకర్రతో కలిపి పొరబడేవాళ్లు ఉన్నారు. గింజ అరచేతిలో వేసుకుంటే తెలుస్తుంది. అడవి జీలకర్ర నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్ల పొడుగు, నిలువునా పది గీతలు, గొంతులో దిగని చేదు. నల్ల జీలకర్ర దాంట్లో సగం, మూడు మూలలతో, నల్లగా, గీతల బదులు గరుకు. వంటకు కొన్నవాళ్ల పోపు పాడైతే అంతటితో పోతుంది, మందుకు కొన్నవాళ్ల విషయం అలా కాదు.

పీకే పద్ధతికి వద్దాం. రక్షిత అడవిలో అయితే ముందు అటవీశాఖ అనుమతి. శ్రీవెంకటేశ్వర జాతీయ వనంలోనూ, పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యంలోనూ మొక్కను తీయడానికి కూడా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి, పీకేది కలుపే అయినా సరే. తర్వాత, పీకే రోజుకు ముందురోజు మొక్కలు తెలిసినవాళ్లు ఒకరిద్దరు తిరిగి సహదేవి, ఎద్దునాలుక గుంపుల పక్కన రంగు గుడ్డపీలికలు కట్టాలి. ప్లాస్టిక్ రిబ్బన్లు వద్దు, అవి అక్కడే మిగిలిపోతాయి. పదిమంది పీకేవాళ్లకు తెలిసినవాళ్లు ఒకరు ఉండాలి. యాభైమంది పిల్లలకు ఒక మాస్టారు ఉంటే ఫొటో దిగడానికి తప్ప దేనికీ చాలదు.

వాన పడిన మర్నాడు మేలు, మన్ను మెత్తగా ఉండి వేరు మొత్తం వస్తుంది. ఎండిన నేలలో లాగితే కాడ మెడ దగ్గర పుటుక్కున తెగుతుంది. మెడ నేలలో మిగిలితే పక్కల నుంచి మళ్లీ చిగురేస్తుంది, ఈసారి ఒక కాడ బదులు నాలుగు. కొడవలితో కోసినా ఇదే జరుగుతుంది. అందుకే రాళ్ల సందుల్లో ఉన్నదానికి తొలిక వాడి రెండంగుళాల కింద నుంచి లేపాలి. పూత వచ్చినదైతే ముందు పూల కొమ్మలు కత్తిరించి గోతంలో వేసి మూతి కట్టాలి, తర్వాతే మొక్క లాగాలి. పూలతోనే లాగి భుజాన వేసుకుని నడిస్తే దారి పొడుగునా విత్తనం చల్లుకుంటూ పోయినట్టే. పూతకు రానివాటిని మూడడుగుల గుంతలో పేడనీళ్లు, మన్నుతో వరసలుగా వేసి ఎరువు చేయవచ్చు. పూత ఉన్నవాటిని ఎరువు గుంతలో వేయకూడదు, వేడి సరిగా పుట్టకపోతే గింజ బతికే ఉండి ఆ ఎరువుతోనే పొలానికి చేరుతుంది. కొండ అంచున తగలబెట్టడం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

కలుపు మందులు కొట్టే ఆలోచన అడవి అంచుకు పనికిరాదు. గ్లైఫోసేట్ పచ్చగా ఉన్నదాన్నంతా చంపుతుంది. 2,4-డి వెడల్పాకు మొక్కలను చంపుతుంది, అంటే గడ్డి మిగిలి సహదేవి పోతుంది. లీటరు నీటికి 150 నుంచి 200 గ్రాముల ఉప్పు కలిపి కొట్టమనే సలహా ఒకటి ఉంది. అది రోడ్డు పక్క బీడుకు చెప్పిన మాట. పలచటి మన్ను ఉన్న కొండవాలు మీద ఆ ఉప్పు వాననీటితో వాగులోకే దిగుతుంది. మెక్సికో నుంచి తెచ్చి 1984లో బెంగళూరులో వదిలిన జైగోగ్రామా పెంకుపురుగు వానాకాలంలో మన దగ్గర కూడా వయ్యారిభామ ఆకులు జల్లెడ చేస్తూ కనబడవచ్చు. మీగడరంగు వీపు మీద ముదురు వంకర చారలుంటాయి. కనబడితే దాని మానాన వదిలేయాలి. పొద్దుతిరుగుడును కొరుకుతోందని ఒకప్పుడు గొడవైంది గానీ దాని బతుకంతా వయ్యారిభామ మీదే.

చేతికి తొడుగులు, నిండు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. వయ్యారిభామలోని పార్థీనిన్ అనే రసాయనం చర్మానికి పడకపోతే మెడ, కనురెప్పలు, మోచేతి మడతల్లో దురద, పొలుసులు మొదలవుతాయి. ఒకసారి పడనివాళ్లకు ఆ తర్వాత చామంతి, పొద్దుతిరుగుడు కూడా పడకపోవచ్చు, వాటిలోనూ అదే తరహా రసాయనాలు ఉంటాయి. చామంతి తోటల్లో పూలు కోసే కూలీలను ఈ పనికి పిలిచేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. వాళ్లకు అది రేపటి కూలి మీద దెబ్బ.

పీకిన చోటును ఖాళీగా వదలకూడదు. అటవీశాఖ భూమి కాకపోతే, అదే వాలు మీద పండిన సహదేవి గుత్తులను గాలి లేవకముందే ఉదయం పూట గిల్లి కాగితం కవరులో వేసుకోవాలి. పది మొక్కల్లో ఒకదాని నుంచి తీస్తే చాలు. రెండు మూడు రోజులు నీడన ఆరబెట్టి, గింజను గోటితో నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే నిండు గింజ, నలిగిపోతే తాలు. దూది చేతులతో నలిపి ఊదేసి, ఒక వంతు గింజకు పది వంతులు పొడి ఇసుక కలిపి, చదరపు మీటరుకు రెండు చిటికెలు చల్లాలి. నేలను వేళ్లతో గీరితే చాలు, మన్ను కప్పొద్దు. ఇంత చిన్న గింజలో అంగుళం లోతు నుంచి పైకి రావడానికి సరుకు ఉండదు. మొలవలేదని వచ్చే ఫిర్యాదులు ఎక్కువగా మన్ను కప్పడం వల్లే. జోరువానకు ముందు చల్లితే అంతా కిందికి కొట్టుకుపోతుంది, జల్లులు పడే రోజు చూసుకోవాలి. నర్సరీ నుంచి వేరే ఊరి విత్తనం తేవద్దు. బీడు భూముల్లో తగిరిస విత్తనం చల్లినా వయ్యారిభామను నీడతో అణిచేస్తుంది. చెట్ల కింద మాత్రం దాని అవసరం లేదు, ఎద్దునాలుక ఆకులు కప్పిన జాగాలో వయ్యారిభామకు చోటే దొరకదు.

ఇంకొక్క మాట. ఈ జిల్లాల్లో ఆగస్టు కంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వాన గట్టిది. వయ్యారిభామకు ఏడాదిలో ఒక్క విడత మొలకలు రావు, వాన పడ్డప్పుడల్లా నేలలో దాగిన గింజ కొంత కొంత మొలుస్తుంది. ఆగస్టులో పీకిన చోట నవంబరు మొదటి వారంలో మళ్లీ నాలుగాకుల మొలకలు ఉంటాయి. అప్పుడు బ్యానర్లూ ఉండవు, ఫొటోగ్రాఫర్లూ రారు. మీ విలేఖరుల్లో ఒకరు ఆ వారంలో అదే చోటుకు వెళ్లి వస్తే, ఆగస్టు పని ఎంతవరకు నిలిచిందో ఫొటోతో సహా తెలుస్తుంది.

ఇట్లు
వృక్షశాస్త్రం బోధించే ఇద్దరు పాఠకులు
తిరుపతి